కొత్తవాళ్లతో మాట ఎలా కలపాలి? ఒక్క ప్రశ్నతోనే ఆగిపోతోంది

ప్రశ్న:
కొత్త ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. పని బాగానే ఉంది, మనుషులూ మంచివాళ్లే, కానీ మధ్యాహ్నం అందరం ఒక టేబుల్ దగ్గర చేరినప్పుడు ఏం మాట్లాడాలో తోచక ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నాను. "ఏ ఊరు మీది, ఇంతకుముందు ఎక్కడ చేశారు" అని అడుగుతాను, వాళ్లు చెప్తారు, నన్నూ అదే అడుగుతారు, నేనూ చెప్తాను, అక్కడితో సరి. ఆ తర్వాత వచ్చే మౌనమే భరించలేకపోతున్నాను. వచ్చే వారం టీమంతా కలిసి బయటికి వెళ్తున్నాం, ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. మీరు నిజంగా అడిగి చూసిన ప్రశ్నలుంటే చెప్పండి.

జవాబు 1:
ఊరు, ఉద్యోగం అడగడంలో తప్పేం లేదండి, కాకపోతే వాటికి ఒక్క ముక్కలో జవాబు వచ్చేస్తుంది. "ఎక్కడ చేశారు" అనే బదులు "అసలు ఈ పనిలోకి ఎలా వచ్చారు" అని అడిగి చూడండి, చెప్పడానికి వాళ్లకో కథ దొరుకుతుంది. "ఈ మధ్య కొత్తగా ఏమైనా నేర్చుకుంటున్నారా", "చిన్నప్పుడు ఏమవుదామనుకున్నారు" అనేవి కూడా నేను తరచూ అడుగుతుంటాను. మా దగ్గర ఎప్పుడూ గంభీరంగా ఉండే ఒక పెద్దాయనను ఈ రెండోది అడిగితే, రైలింజన్ నడపాలని ఉండేదని చెప్పి, కూర్చున్నచోటే రెండు చేతులతో మీటలు లాగి చూపించారు. జీతం, పెళ్లి, పిల్లల సంగతి మాత్రం వాళ్లంతట వాళ్లు ఎత్తేదాకా వద్దు, ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో మనకు తెలీదు.

జవాబు 2:
పై ప్రశ్నలు బాగున్నాయి కానీ నా దృష్టిలో మొదటి ప్రశ్న కన్నా రెండోదే ముఖ్యం. అంటే వాళ్లు చెప్పిన జవాబులోంచే పుట్టే ప్రశ్న. 2017లో హార్వర్డ్ పరిశోధకులు సంభాషణలను పరిశీలిస్తే, ఎక్కువ ప్రశ్నలు అడిగినవాళ్లు, అందులోనూ ఎదుటివాళ్ల మాట పట్టుకుని ఇంకాస్త అడిగినవాళ్లు, అవతలివాళ్లకు ఎక్కువ నచ్చారని తేలింది. ఒకసారి నా పక్కన కూర్చున్నావిడ "నిన్నంతా మొక్కల కుండీలు మార్చాను" అన్నారు. "అవునా, మంచిది" అని ఉంటే అయిపోయేది. "ఎందుకు మార్చాల్సి వచ్చింది" అన్నాను. కుండీ చాలకపోతే వేర్లు లోపలే గుండ్రంగా ఎలా చుట్టుకుపోతాయో పిడికిలి బిగించి చూపించారు, అంచున పట్టిన మట్టి ఇంకా గోళ్లలో ఉంది. మేం లేచేసరికి అరగంట దాటింది. అయితే వరసపెట్టి అడుగుతూ పోతే పోలీసు విచారణలా ఉంటుంది, రెండు అడిగాక మీ సంగతి కూడా ఒకటి చెప్పండి.

జవాబు 3:
ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ముక్కూ మొహం తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి, 36 ప్రశ్నలను మూడు భాగాలుగా ఇచ్చి, సుమారు 45 నిమిషాలు మాట్లాడుకోమన్నారు. మొదట్లో తేలికైనవి, పోనుపోను లోతైనవి, ఇద్దరూ జవాబు చెప్పాలి. ఊసుపోక కబుర్లు చెప్పుకున్న జంటల కన్నా వీళ్లకు ఎక్కువ దగ్గరితనం అనిపించింది. కాబట్టి మొదటి రోజే "మీ జీవితంలో పెద్ద బాధేంటి" అని అడగకండి, అక్కడికి మెల్లగా చేరాలి. ఇంకోటి, మాట్లాడాక "నా మాటలు వాళ్లకు నచ్చలేదేమో" అని ఇంటికెళ్లి నలిగిపోకండి. మనం అనుకున్నదానికన్నా ఎదుటివాళ్లకు మనం ఎక్కువే నచ్చుతామని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

అడిగినవారి నుంచి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఈరోజే ప్రయత్నించాను. ఎదురుగా కూర్చున్నాయన చూపుడు వేలికి నీలి మరక కనిపిస్తే "ఇంకు పెన్నుతో రాస్తారా" అన్నాను. జేబులోంచి తీసి చేతికిచ్చారు, వాళ్ల నాన్నగారిదట, పాళీ ఒక పక్కకి అరిగిపోయి ఉంది. అలా ఎందుకు అరిగిందని అడిగితే, నాన్నగారు ఎడమచేత్తో రాసేవారని మొదలుపెట్టి, చిన్నప్పుడు తనకు అక్షరాలు దిద్దించిన సంగతి దాకా వెళ్లారు. నేనూ మా అమ్మ చేతిరాత గురించి చెప్పాను. రేపు ఇంకో పెన్ను తెచ్చి చూపిస్తానన్నారు.