త్సాయ్‌జింగ్ పత్రిక ఎవరిది: ప్రచురణ నంబరు ఉన్నవాళ్లదా, రాసినవాళ్లదా?

గోదావరిగట్టు:
మొన్న రామన్ మెగసెసే అవార్డుల గురించి మాట్లాడుకున్నాం. మన హైదరాబాద్ శాంతా సిన్హా గారికి 2003లో వచ్చింది. 2014 జాబితాలో చైనా సంపాదకురాలు హూ షూలీ ఉన్నారనగానే ఒకరు, "తను నిలబెట్టిన పత్రికనే వదిలేసి పోయిన మనిషి" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. అందుకే ఈ పోస్టు.

ఆ పత్రిక త్సాయ్‌జింగ్, ఆర్థిక, వ్యాపార వార్తలది. 1998 ఏప్రిల్‌లో బీజింగ్‌లో మొదలైంది. డబ్బు పెట్టింది వాంగ్ బోమింగ్, అమెరికాలో చదువుకుని వచ్చి చైనాలో స్టాక్ మార్కెట్ ఏర్పాటుకు తిరిగినవాళ్లలో ఒకరు. సంపాదకత్వం హూది. ఆవిడ ముందే రెండు షరతులు పెట్టారు. యజమాని తన ఇతర వ్యాపారాల ప్రచారానికి పత్రికను వాడుకోకూడదు. విలేకరుల జీతాలకు రెండున్నర లక్షల డాలర్ల దాకా బడ్జెట్ ఇవ్వాలి. రెండోది ఎందుకంటే, అక్కడ ప్రెస్ మీట్‌కు వెళ్తే చేతిలో డబ్బు కవరు పెట్టడం మామూలు. జీతం సరిపోతేనే విలేకరి ఆ కవరు వద్దనగలడు.

మొదటి సంచికలోనే, లేని లాభాలు చూపించిన ఒక కంపెనీ షేర్లలో చిన్న మదుపరులు ఎలా ఇరుక్కున్నారో రాశారు. 2000లో జనం డబ్బు షేర్లలో పెట్టే ఫండ్ కంపెనీల లోగుట్టు బయటపెడితే పది కంపెనీలు కలిసి ఖండన ఇచ్చాయి. 2009 నవంబరులో హూ రాజీనామా చేశారు, సంపాదక బృందంలో ఎక్కువమంది వెంట నడిచారు. పత్రిక పేరు వాంగ్ దగ్గరే ఉండిపోయింది. హూ బృందం త్సాయ్‌షిన్ పేరుతో కొత్త సంస్థ పెట్టుకుంది.

నా దృష్టిలో పత్రిక అంటే పని చేసే పద్ధతి. అది మనుషులతోనే వెళ్లిపోయింది.

తెనాలి2:
గట్టు గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. చైనాలో ఎవరికి వారు పత్రిక పెట్టుకోలేరు. ప్రభుత్వం ఇచ్చే ప్రచురణ నంబరు ఉండాలి, దాని మీద పర్యవేక్షణకు ఒక అధికారిక సంస్థ ఉండాలి. త్సాయ్‌జింగ్‌కు అఖిల చైనా పరిశ్రమల, వాణిజ్య సమాఖ్య ఉండేది. ఆ గొడుగు కింద చోటు ఇచ్చింది, పదకొండేళ్లు తిట్లు కాచుకున్నది వాంగే. కొత్త సంస్థకైనా నంబరు లేక గతి లేదు కదా! హైనాన్‌లోని ఒక సంస్కరణల పరిశోధనా సంస్థ దగ్గరున్న 'న్యూ సెంచురీ' వారపత్రికను తీసుకుని 2010 జనవరి నుంచి నడిపారు. మీరన్న పద్ధతి గాలిలో నిలబడదండీ, దానికి కాగితం కావాలి.

ఆడిటరమ్మ:
నేను సీఏ కోసం ఆర్టికల్‌షిప్ (ఆడిట్ సంస్థలో శిక్షణ) చేస్తున్న రోజుల్లో మా సీనియర్ ఒక కేసు చెప్పేవారు. తర్వాత తెలిసింది, దాన్ని బయటపెట్టింది ఈ త్సాయ్‌జింగే అని.

2001 ఆగస్టు, యిన్‌గ్వాంగ్‌షియా కంపెనీ. వాయవ్య చైనాలో యిన్‌చువాన్ దీని ఊరు. 2000లో షేరు 440 శాతం పెరిగింది. తియాన్‌జిన్ ఫ్యాక్టరీ నుంచి ఒక జర్మన్ కంపెనీకి మొక్కల నుంచి తీసిన సరుకు 18 కోట్ల మార్కులకు (అప్పటి జర్మన్ కరెన్సీ) ఎగుమతి చేశామన్నారు. విలేకరి ఏం చేసిందంటే, కంపెనీ కాగితాలు పక్కన పెట్టి తియాన్‌జిన్ కస్టమ్స్ లెక్క అడిగింది. ఆ ఏడాది ఫ్యాక్టరీ ఎగుమతి 30 వేల డాలర్లు! రెండేళ్లలో చూపించిన దొంగ లాభం 74.5 కోట్ల యువాన్లు. ఆడిట్ చేసిన సంస్థ కూడా మూతపడింది.

ఇక్కడ మన సత్యం కంప్యూటర్స్ గుర్తుకు రాకుండా ఉంటుందా? అక్కడ లేని ఎగుమతులు, ఇక్కడ లేని బ్యాంకు నిల్వలు. సత్యం సంగతి 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు తన ఉత్తరంలో తనే ఒప్పుకుంటే లోకానికి తెలిసింది. కంపెనీ ఇచ్చిన కాగితాన్ని కంపెనీ బయట సరిచూడడం, ఆ ఒక్క అలవాటు కోసమే నేను గట్టు గారి వైపు.

కొత్తవాడిని:
ఒక్క డౌట్. ప్రభుత్వం ఒప్పుకున్నంత మేరకే రాశారు కదా? కంపెనీలను, మహా అయితే చిన్న అధికారులను పట్టుకోవడానికి వదిలిన పత్రిక అనుకోవచ్చా?

గోదావరిగట్టు:
గీత ఉందండీ, లేదనను. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి వాళ్లు కట్టిన మూల్యం చూడండి. 2007 జనవరిలో షాన్‌డాంగ్‌లోని లూనెంగ్ విద్యుత్ గ్రూపు గురించి రాశారు. 7,380 కోట్ల యువాన్ల ఆస్తులున్న ప్రభుత్వ సంస్థ 373 కోట్లకు ప్రైవేటు చేతుల్లోకి పోయింది. కొన్నవాళ్ల వెనక ఎవరున్నారని తవ్వారు. తర్వాతి కథనం అచ్చయ్యాక ఆపేయమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆ ప్రతులను సిబ్బందే కూర్చుని చేతులతో చించాల్సి వచ్చింది. తాము రాసింది తామే చించుకున్న మనుషులు మరుసటి ఏడాది సిచువాన్ భూకంపంలో బడులు ఎందుకు కూలాయో రాయడానికి మళ్లీ బయల్దేరారు. వదిలిన పత్రిక అని మీరు తేలిగ్గా అనేశారు, నాకు బాధగా ఉంది.

2009లో హూ, వాంగ్‌ల మధ్య వచ్చిన తగాదా కూడా జీతాల తగాదా కాదు. వాటాలు, పెట్టుబడి ఉన్నాయి, వాటితోపాటు ఏది అచ్చు వేయాలో ఎవరు చెప్పాలన్నదీ ఉంది.

తెనాలి2:
సరే, మరి మిగిలినవాళ్ల సంగతి? 2015 జులైలో, పడిపోతున్న స్టాక్ మార్కెట్‌ను నిలబెట్టడానికి పెట్టిన డబ్బును వెనక్కి తీసుకునే దారి నియంత్రణ సంస్థ చూస్తోందని రాసింది త్సాయ్‌జింగ్ విలేకరే. ఆగస్టులో ఆ విలేకరిని పట్టుకెళ్లారు. ప్రభుత్వ టీవీలో కూర్చోబెట్టి తప్పు ఒప్పించారు. 2020లో కరోనా మొదలైన వూహాన్‌కు త్సాయ్‌షిన్ వాళ్లు వెళ్లారని అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాలి కూడా. కానీ కరోనా మృతుల అధికారిక లెక్కలో చేరకుండా, మామూలు న్యుమోనియా కింద చనిపోయినవాళ్ల కథ రాసింది త్సాయ్‌జింగ్. దాన్ని నెట్‌లోంచి తీసేయించారు. పద్ధతి వెళ్లిపోయిందన్నారు. మరి వీళ్లెవరండీ?

గోదావరిగట్టు:
ఆ కథ రాసినవాళ్ల ముందు నా "వెళ్లిపోయింది" అన్న మాట నిలబడదు. వెనక్కి తీసుకుంటున్నాను. వాంగ్‌దే పత్రిక అని మాత్రం ఇప్పటికీ అనలేను.