టీవీ బ్లూటూత్‌కే హెడ్‌ఫోన్ కలిపితే చాలా, విడిగా ట్రాన్స్‌మిటర్ పెట్టాలా?

రాత్రి_షిఫ్టు

మా నాన్నగారికి వినికిడి తగ్గింది. ఆయనకు వినపడేలా టీవీ సౌండు పెడితే పక్క గదిలో చదువుకునే మా అమ్మాయికి పుస్తకం మీద ధ్యాస నిలవదు. తగ్గిస్తే ఆయన ఏమీ అనరు, కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోతారు. అలా లేచి వెళ్లడం చూడలేకే చెవుల్ని పూర్తిగా కప్పే బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఒకటి తెచ్చాను. టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి జత చేశాను, రెండు నిమిషాల పని.

అరగంట చూసి తీసేశారు. "మాట ఒకచోట, మూతి ఒకచోట ఉందిరా" అన్నారు. నేను పెట్టుకుని చూస్తే నిజమే. వార్తలు చదివే ఆమె నోరు మూసేశాక ఆఖరి మాట వినిపిస్తోంది. పైగా హెడ్‌ఫోన్ కలవగానే టీవీ స్పీకర్లు మూగబోయాయి. పక్కన కూర్చున్న అమ్మకు బొమ్మ తప్ప మాట లేదు.

తెలిసినవాళ్లలో ఒకరు టీవీలో ఉన్న బ్లూటూత్ చాలు, సెట్టింగ్ సరిచేసుకో అంటున్నారు. ఇంకొకరు టీవీ సౌండును అందుకుని హెడ్‌ఫోన్‌కు పంపే ట్రాన్స్‌మిటర్ డబ్బా విడిగా పెడితే తప్ప ఈ తేడా పోదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

సూటిగా

టీవీలో ఉన్నదే వాడండి. నేను మూడేళ్లుగా అలాగే చూస్తున్నాను, మాటా మూతీ ఎక్కడా తప్పలేదు. మధ్యలో ఇంకో డబ్బా పెడితే దానికో కరెంటు తీగ, ఇంకో తీగ, ఇంకో లైటు, పాడవడానికి ఇంకో వస్తువు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఎన్ని వస్తువులు తగ్గితే అంత మేలు. స్పీకర్లు మూగబోవడం సంగతి అంటారా, కొన్ని టీవీల్లో స్పీకరూ బ్లూటూత్ హెడ్‌ఫోనూ రెండూ ఒకేసారి మోగే ఏర్పాటు ఉంటుంది. సౌండ్ అవుట్‌పుట్ మెనూలో ఒకసారి వెతకండి.

పాత_రేడియో

నేను రిపేరు పనిచేసేవాణ్ని. ఇద్దరు చెప్పిందీ నిజమే కావచ్చు, ఎందుకో చెబుతాను.

బ్లూటూత్‌లో సౌండు ఉన్నదున్నట్టు గాల్లోకి పోదు. టీవీ దాన్ని కుదించి, పొట్లాలు కట్టి పంపుతుంది. హెడ్‌ఫోన్ ఆ పొట్లాలు విప్పే ముందు కొన్నింటిని దగ్గర నిలవ పెట్టుకుంటుంది, మధ్యలో ఒకటి జారిపోయినా పాట తెగకుండా ఉండాలని. ఆలస్యంలో పెద్ద వాటా ఈ నిలవదే. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లన్నింటిలోనూ తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతిలో మొత్తం కలిపి మామూలుగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. పాటలు వినేటప్పుడు అది ఎవరికీ తెలియదు. ఎదురుగా మనిషి మొహం కనపడేటప్పుడే పట్టుబడుతుంది.

ఎంత ఆలస్యమైతే తెలుస్తుంది అన్నదానికి లెక్క ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం, సౌండు బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకబడినా చూసేవాళ్లు గమనిస్తారు. 185 దాటి వెనకబడితే భరించలేరు. వెనకబడటాన్ని మనం ఎక్కువ ఓర్చుకోవడానికి కారణం వెలుగుకంటే ధ్వని నెమ్మది కావడమేనంటారు. సెకనుకు దాదాపు 343 మీటర్లు, అంటే మూడు మీటర్ల దూరం నుంచి మాట్లాడే మనిషి గొంతు మనకు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతుంది. పుట్టినప్పటినుంచీ అలవాటైన తేడా అది. ముందు మాట వినిపించి తర్వాత పెదవి కదలడం మాత్రం లోకంలో ఎక్కడా జరగదు.

ఇక అసలు కిటుకు. టీవీలోనే ఉన్న యాప్‌లో సినిమా చూస్తుంటే, బ్లూటూత్‌లో సౌండు ఎంత ఆలస్యమవుతోందో ఆ యాప్‌కు టీవీ చెప్పగలదు. యాప్ బొమ్మను అంతసేపు ఆపి వదులుతుంది, రెండూ కలుస్తాయి. సెట్‌టాప్ బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐ తీగలో వచ్చే బొమ్మను చాలా టీవీలు అలా పట్టి ఉంచవు, వచ్చింది వచ్చినట్టు చూపించేస్తాయి. టీవీ అదే, హెడ్‌ఫోన్ అదే, యాప్‌లో బాగుంటుంది, బాక్స్‌లో తప్పుతుంది.

రాత్రి_షిఫ్టు గారూ, నాన్నగారు చూసేది దేంట్లో?

రాత్రి_షిఫ్టు

వార్తలూ సీరియళ్లూ అన్నీ సెట్‌టాప్ బాక్స్‌లోనే. మీరు చెప్పాక యాప్‌లో ఒక సినిమా పెట్టి చూశాను. తేడా కనిపించలేదు! ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్‌దే తప్పనుకున్నాను.

సూటిగా

నేను చూసేవన్నీ యాప్‌లలోనే, అందుకే నాకు తెలియలేదన్నమాట. అయినా దీనికీ డబ్బా కొనక్కర్లేదు. ఆ చానెళ్లే యాప్‌లో దొరుకుతుంటే అందులో చూపించండి. లేదా సెట్‌టాప్ బాక్స్‌లోనే బ్లూటూత్ ఉంటే టీవీని వదిలేసి హెడ్‌ఫోన్‌ను బాక్స్‌కే జత చేయండి. అవేవీ కాకపోతే టీవీలో ఆడియో డిలే అని ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని జరిపి చూడండి.

తీగల_పెట్టె

ఆ చివరి సలహా దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆడియో డిలే అంటే పేరులోనే ఉంది, అది సౌండును ఇంకా ఆలస్యం చేయడానికి. సౌండ్‌బార్ బొమ్మకంటే ముందు పరిగెడితే దాన్ని వెనక్కి లాగడానికి పెట్టింది. ఇక్కడ వెనకబడిందే సౌండు. దాన్ని సున్నాకు దించాక ఇంక దించడానికి ఏముంటుంది? బ్లూటూత్‌కు బొమ్మను ఆపే సింక్ సెట్టింగ్ విడిగా ఉన్న టీవీలు కొన్ని ఉన్నాయి, ఉంటే మాత్రం తప్పక వాడాల్సిందే.

పెదవుల_భాష

నాకు ముప్పై ఏళ్ల వయసు నుంచి రెండు చెవులా వినికిడి లోపం ఉంది. నాన్నగారు అరగంటలో ఎందుకు తీసేశారో నాకు బాగా అర్థమైంది. అందుకే ఈ చర్చలోకి వచ్చాను.

చెవి మందగించినవాళ్లం మాటను చెవితో సగమే వింటాం, మిగతా సగం పెదవుల మీద చదువుకుంటాం. ఎవరూ నేర్పరు, మాకు తెలియకుండానే అలవాటైపోతుంది. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా "పాట, బాట, మాట" అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, చూసి తేడా చెప్పలేరు. అక్కడ చెవే దిక్కు. ఇప్పుడు "మీది, నీది" అనండి. ఈ రెండూ వినడానికి చాలా దగ్గర, నాలాంటి చెవికి ఒకటే. కానీ "మీ" అనాలంటే పెదవులు మూయాలి, "నీ" అనాలంటే తెరిచే ఉండాలి. అక్కడ కన్ను చెబుతుంది. ఇలా మాటమాటకూ కన్నూ చెవీ ఒకదానికొకటి అందించుకుంటుంటేనే మాకు వాక్యం పూర్తవుతుంది.

200 మిల్లీసెకన్లంటే తెలుగులో ఇంచుమించు ఒక అక్షరం పలికేంత సేపు. చెవిలో "మీ" పడేసరికి తెర మీద పెదవులు తర్వాతి అక్షరానికి వెళ్లిపోతాయి. అప్పుడు కన్ను సాయం చేయకపోగా తప్పు చెబుతుంది. హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో చూపించింది ఇలాంటిదే. "బ" అనే సౌండుకు "గ" అనే నోటి కదలిక జోడిస్తే చాలామందికి ఆ రెండూ కాకుండా "డ" వినిపించింది. చెవి బాగున్నవాళ్లకే అలా అయితే మా సంగతి ఆలోచించండి.

చెవి బాగున్నవాళ్లకు ఆ ఆలస్యం చిరాకు. మాకైతే మాటే అందదు. సూటిగా గారూ, చెవి బాగున్నవాళ్లు సర్దుకుపోయే తేడా నాన్నగారి దగ్గర సగం వాక్యాన్ని లాగేసుకుంటుంది. పెద్దవాళ్ల కోసం కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఈ ఆలస్యాన్నే, సౌండు నాణ్యత ఆ తర్వాత.

నేను వాడేది బ్లూటూతే కాదు. సొంత స్టాండుతో వచ్చే రేడియో హెడ్‌ఫోన్. స్టాండు టీవీకి కలిపి ఉంటుంది. తీసి పెట్టుకుంటే మోగుతుంది, తిరిగి స్టాండు మీద పెడితే చార్జ్ అవుతుంది. మెనూ లేదు, పెయిరింగ్ లేదు.

సూటిగా

పెదవుల సంగతి నాకు తెలియదు. ఇప్పుడే అద్దం ముందుకు వెళ్లి "మీది, నీది" అనుకుని వచ్చాను. సెట్‌టాప్ బాక్స్ చూసే పెద్దవాళ్ల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఒక అనుమానం మిగిలింది. బ్లూటూత్‌లోనే ఎల్‌ఈ ఆడియో అని కొత్త పద్ధతి వచ్చింది కదా, ఎల్‌సీ3 అనే కోడెక్‌తో, అంటే సౌండును కుదించి విప్పే కొత్త పద్ధతితో. 2020లోనే ప్రకటించారు. ఆలస్యం బాగా తగ్గుతుందట, ఆరాకాస్ట్ ద్వారా ఒకే టీవీ నుంచి ఎంతమందైనా వినొచ్చట, వినికిడి యంత్రాలకూ నేరుగా చేరుతుందట. అది వస్తుంటే ఈరోజు డబ్బా కొనడం దండగ కాదా?

పాత_రేడియో

ఎల్‌ఈ ఆడియో మంచిదే, నేనూ దానికోసమే చూస్తున్నాను. కానీ టీవీలోనూ ఉండాలి, చెవిలో పెట్టుకునేదాంట్లోనూ ఉండాలి. పెట్టె మీద బ్లూటూత్ 5.3 అని రాసి ఉన్నంత మాత్రాన ఎల్‌ఈ ఆడియో ఉన్నట్టు కాదు. ఆ పేరు విడిగా రాసి ఉందో లేదో చూడాలి. ఇంట్లో ఉన్న టీవీకి అది తర్వాత వస్తుందన్న ఆశతో నాన్నగారిని ఆగమనలేం కదా.

కొనేముందు ఒకసారి కొలవండి. స్క్రీన్ మీద చప్పట్లు కొట్టే వీడియో సెట్‌టాప్ బాక్స్‌లోనే పెట్టి, హెడ్‌ఫోన్ కప్పును ఫోను మైకుకు ఆనించి, ఫోనులో సెకనుకు 60 ఫ్రేముల వేగంతో టీవీని వీడియో తీయండి. ఎడిటింగ్ యాప్‌లో తెరిచి, అరచేతులు కలిసిన ఫ్రేము నుంచి సౌండు గీత లేచిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్లు. మనకు అనిపించినదాన్ని బట్టి కాకుండా అంకెను బట్టి మాట్లాడుకోవచ్చు.

తీగల_పెట్టె

ట్రాన్స్‌మిటర్ వైపు మొగ్గేవాళ్లు కింది విషయాలు చూసుకోకపోతే మళ్లీ ఇక్కడికే వస్తారు. నేను వచ్చాను.

ట్రాన్స్‌మిటర్ కొనగానే ఆలస్యం పోదు. మామూలు బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ కూడా ఎస్‌బీసీలోనే పంపితే అదే ఆలస్యం. "ఆప్ట్‌ఎక్స్ లో-లేటెన్సీ" అనే తక్కువ ఆలస్యపు పద్ధతి ఉన్నదైతే దాదాపు 40 మిల్లీసెకన్లకు దిగుతుంది, కానీ హెడ్‌ఫోన్‌లోనూ అదే ఉంటేనే. ఒకవైపే ఉంటే రెండూ మాట్లాడుకోగలిగే పాత పద్ధతికే దిగిపోతాయి, మీకు చెప్పకుండా. నేను తెచ్చిన మొదటి జతలో జరిగింది అదే, తెలుసుకోవడానికి నెల పట్టింది.

ఇక టీవీ వెనక ఏ రంధ్రంలో పెడతారన్నది. 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్‌లో పెడితే చాలా టీవీల్లో స్పీకర్లు ఆగిపోతాయి, అమ్మగారి సమస్య తీరదు. సౌండును వెలుగు రూపంలో పంపే ఆప్టికల్ పోర్ట్‌కు కలిపితే సాధారణంగా స్పీకర్లూ మోగుతాయి, హెడ్‌ఫోనూ మోగుతుంది. అది నచ్చి ఆప్టికల్‌కు వెళ్తే, టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎంకు, అంటే కుదించని మామూలు సౌండుకు మార్చడం మరిచిపోవద్దు. టీవీ డాల్బీ పద్ధతిలో కుదించి పంపుతుంటే దాన్ని విప్పలేని ట్రాన్స్‌మిటర్ మౌనంగా కూర్చుంటుంది, మనం తీగ పాడైందనుకుంటాం. ఆప్టికల్‌లో రిమోట్ వాల్యూమ్ చాలాసార్లు పనిచేయదు కాబట్టి హెడ్‌ఫోన్ మీదే వాల్యూమ్ మీట ఉన్నది చూసుకోండి.

డబ్బాను టీవీ వెనక దాచకండి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు లోహపు పలక దాటడానికి ఇబ్బంది పడతాయి, మనిషి ఒళ్లు కూడా వాటిని పీల్చుకుంటుంది, చాలా ఇళ్లలో వైఫై నడిచేదీ అదే బాటలో. ముందుకు తెచ్చి కనపడేలా పెడితే తెగిపోవడం తగ్గుతుంది.

పెదవుల_భాష గారు చెప్పిన రేడియో హెడ్‌ఫోన్లలో పాత అనలాగ్ రకానికి ఆలస్యం లేనట్టే, కానీ వెనక సన్నగా బుస్సుమనే చప్పుడు ఉంటుంది. డిజిటల్ రకంలో ఆ చప్పుడు ఉండదు.

పెదవుల_భాష

ఇంకొక్క మాట, ఇది నా అనుభవం కొద్దీ. హెడ్‌ఫోన్ వచ్చాక సౌండు ఎవరికీ వినపడదు కాబట్టి ఎంత పెంచుకుంటున్నారో ఇంట్లోవాళ్లకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు వారానికి 40 గంటలకు 80 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది. మిగిలిన వినికిడిని కాపాడుకోవడం ముఖ్యం కదా. హెడ్‌ఫోన్ తెచ్చామని చెవి పరీక్ష వాయిదా వేయకండి, ఒక చెవి రెండోదానికంటే తగ్గి ఉంటే బ్యాలెన్స్ సర్దవచ్చు కూడా.

రాత్రి_షిఫ్టు

అందరికీ దండాలు. కొలిచాను.

టీవీ బ్లూటూత్, సెట్‌టాప్ బాక్స్: 13 ఫ్రేములు, అంటే దాదాపు 217 మిల్లీసెకన్లు. అదే టీవీ, యాప్: 2 ఫ్రేములు. పాత_రేడియో గారు చెప్పింది అక్షరాలా నిజం. మా బాక్స్‌లో బ్లూటూత్ లేదు, టీవీలో బొమ్మను ఆపే సెట్టింగూ లేదు.

తెలిసినవాళ్ల దగ్గర స్టాండుతో ఉన్న డిజిటల్ రేడియో హెడ్‌ఫోన్ అడిగి తెచ్చి, ఆప్టికల్‌కు కలిపాను. మొదట సౌండే రాలేదు. తీగల_పెట్టె గారి మాట గుర్తొచ్చి పీసీఎంకు మారిస్తే వచ్చింది. 3 ఫ్రేములు.

నాన్నగారికి ఏమీ చెప్పకుండా పెట్టాను. వార్తలు మొత్తం చూశారు. మధ్యలో అమ్మ ఏదో అంటే ఒక కప్పు పక్కకు జరిపి జవాబిచ్చి, మళ్లీ పెట్టుకున్నారు. అమ్మకు స్పీకర్లోనూ వినిపిస్తోంది, తనకు కావలసినంత తక్కువలో. ఈరోజు సాయంత్రం నేను డ్యూటీకి బయల్దేరుతుంటే స్టాండు మీద నుంచి ఆయనే తీసి పెట్టుకోవడం చూశాను.

అడిగి తెచ్చింది తిరిగి ఇచ్చేసి అలాంటిదే కొంటున్నాను. చెవి పరీక్షకు వచ్చే వారం తీసుకెళ్తున్నాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మా అమ్మాయి తీసుకుంది, పాటలకు అది బాగానే ఉంది.

సూటిగా

13 ఫ్రేములా! నా టీవీలో కూడా బాక్స్ పెట్టి కొలుస్తాను. యాప్‌లలో చూసేవాళ్లకు మాత్రం టీవీ బ్లూటూతే చాలని ఇప్పటికీ అంటాను, మీ 2 ఫ్రేముల లెక్కే అందుకు సాక్ష్యం.