నైలాన్ 66: 175 డిగ్రీలకే రెండు పీకులు ఒకటైపోయాయి, కరిగిపోయినట్టా?

ప్రశ్న (ఎం.ఎస్సీ. విద్యార్థిని, విశాఖపట్నం):
నమస్కారమండి. ప్రాజెక్టు కోసం నైలాన్ 66 ఫిల్మును వేడి చేస్తూ ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలు ఏ కోణంలో చెదురుతాయో చూసి లోపలి అమరిక తెలుసుకునే పద్ధతి) తీస్తున్నాను. గది ఉష్ణోగ్రతలో 20.4, 23.3 డిగ్రీల కోణం (2θ) దగ్గర గ్రాఫులో రెండు పీకులు (శిఖరాలు) ఉన్నాయి. వేడి పెంచేకొద్దీ అవి దగ్గరకు జరిగి, 175 సెల్సియస్‌కి 21 డిగ్రీల కోణం దగ్గర ఒక్కటే మిగిలింది. కరగాల్సింది 260 దాటాక కదా? డీఎస్‌సీలో (వేడి చేస్తుంటే నమూనా ఎంత వేడి పీల్చుకుంటుందో కొలిచే పరీక్ష) 175 దగ్గర ఏమీ లేదు, 100 చుట్టూ మాత్రం వెడల్పాటి గుంట ఉంది. ఎల్లుండి గైడుకి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (రిటైరైన ల్యాబు మనిషిని):
కంగారుపడకమ్మా. కరిగితే పీకు మిగలదు, దిబ్బలాంటి ఉబ్బు వస్తుంది. నీకు కనబడింది బ్రిల్ మార్పు. 1942లో రుడాల్ఫ్ బ్రిల్ చెప్పిన సంగతే.

నైలాన్ గొలుసులు పక్కపక్కనే హైడ్రోజన్ బంధాలతో ముడిపడి పలకల్లా తయారవుతాయి. ఆ పలకలు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. మొదటి పీకు ఒకే పలకలోని గొలుసుల మధ్య ఎడం, సుమారు 0.44 నానోమీటర్లు. రెండోది పలకకీ పలకకీ మధ్య ఎడం, 0.37 చిల్లర. వేడికి గొలుసుల్లోని మిథిలీన్ (CH2) భాగాలు కదలడం మొదలుపెడితే పలకలు ఎడమవుతాయి, గొలుసులు కాస్త దగ్గరవుతాయి. రెండు దూరాలూ 0.42 దగ్గర కలిసిపోతాయి. ట్రైక్లినిక్ (ఏ కోణమూ లంబంగా లేని, వాలుగా ఉండే) అమరిక దాదాపు షడ్భుజంగా మారిందన్నమాట. హైడ్రోజన్ బంధాలన్నీ తెగిపోయాయని మాత్రం రాయకు, చాలామంది చేసే పొరపాటు అదే. ఈ మార్పు మెల్లగా జరుగుతుంది కనుక డీఎస్‌సీలో కనబడకపోవచ్చు.

మరొకరు:
100 దగ్గర గుంట నీళ్లదండీ! సముద్రపు గాలిలో నైలాన్‌ని తెరిచి ఉంచితే తేమ పీల్చదా? వాక్యూమ్ ఓవెన్‌లో 80 దగ్గర రాత్రంతా ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరకుండా మూసి ఉంచే పాత్ర) దాచండి.

విద్యార్థిని:
థాంక్సండి. పోల్చడానికి ఫిషింగ్ హార్బర్‌లో పాత వల ముక్క తెచ్చాను. వాడొచ్చా?

ల్యాబు మనిషి:
ముందు డీఎస్‌సీ చూడు. 220 దగ్గర కరిగితే అది నైలాన్ 6 అనే వేరే రకం, దాని లెక్క వేరు. పైగా సాగదీసిన దారం, నీ ఫిల్ముతో నేరుగా పోల్చకూడదు. నీ ఫిల్మును నెమ్మదిగా చల్లార్చి మళ్లీ తియ్యి, పీకులు విడిపోవాలి.

విద్యార్థిని (మర్నాడు):
విడిపోయాయి సర్! కానీ 20.2, 23.9 దగ్గర వచ్చాయి. మొదటికన్నా ఎడంగా ఉన్నాయి, తప్పా?

ల్యాబు మనిషి:
తప్పు కాదమ్మా. మొదట ఫిల్ము గబుక్కున చల్లారి ఉంటుంది. ఇప్పుడు వేడిలో కాసేపు ఉండి, తీరిగ్గా చల్లారి, స్ఫటికాలు చక్కగా సర్దుకున్నాయి. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపించు. 175 అనే అంకె కూడా ఫిల్ము చల్లారిన తీరును బట్టి మారుతుంది, కాబట్టి దాని పక్కనే ఎలా చల్లార్చావో రాయి.