కరీంనగర్‌లో డిమెన్షియా ఉన్న పెద్దాయనకి సాయం ఎక్కడ అడగాలి? (ఒక కోడలి ప్రశ్న; ‘ఓపీ చీటీ’, ‘పాత ఫైళ్లు’, ‘నైట్ డ్యూటీ’ అనే పేర్లతో ముగ్గురి జవాబులు)

కరీంనగర్ కోడలు:
మా మామయ్యకి 76. పోస్టల్ శాఖలో రిటైరయ్యారు. హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు అల్జీమర్స్ (డిమెన్షియా అనే మతిమరుపు జబ్బులో ఒక రకం) అని, మధ్య దశలో ఉందని రాసిచ్చారు. మందులు రాసి మూడు నెలలకి రమ్మన్నారు, అంతే. ఆ మూడు నెలలు ఇంట్లో ఎలా నెట్టుకురావాలో ఎవరూ చెప్పట్లేదు. "డిమెన్షియా సెంటర్ కరీంనగర్" అని నెట్‌లో వెతికితే అన్నీ హైదరాబాద్ ప్రైవేటు హోములే వస్తున్నాయి. ఆయన ఇంకా సంతకం పెట్టగలరు, మమ్మల్ని గుర్తుపడతారు. పింఛను ఖాతా ఒక్క ఆయన పేరు మీదే ఉంది. అత్తయ్య ఉన్నారు, ఆమెకి 70. జీపీఏ (ఆయన తరఫున మేం సంతకం పెట్టేలా ఇచ్చే అధికార పత్రం) ఒకటి రాయించేస్తే ఇక బ్యాంకు గొడవ ఉండదని ఒకరు చెప్పారు, నిజమేనా? జిల్లాలోనే దొరికే సాయం ఏమేం ఉంది? అటెండెంటుని పెట్టుకోవాలంటే ఏం చూసుకోవాలి?

ఓపీ చీటీ:
వెతికే మాట దగ్గరే తేడా వస్తోందండీ. ప్రభుత్వంలో "డిమెన్షియా" అనే బోర్డు సాధారణంగా కనపడదు. సాయం ఉంది గానీ నాలుగు వేరే పేర్ల కింద చెదిరి ఉంది: వృద్ధులు, మానసిక ఆరోగ్యం, దివ్యాంగులు, పాలియేటివ్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే సేవ). ఏ గుమ్మానికి వెళ్తే అక్కడి పేరుతోనే అడగాలి. జిల్లా ఆస్పత్రి కౌంటర్లో "డిమెన్షియా వార్డు ఎక్కడ" అంటే లేదంటారు. "వృద్ధుల ఓపీ ఏ రోజు, సైకియాట్రీ ఓపీ ఏ రోజు" అని అడిగితే గది నంబరుతో సహా చెప్తారు. వృద్ధుల ఆరోగ్యానికి కేంద్రం నడిపే ఎన్‌పీహెచ్‌సీఈ అనే కార్యక్రమం కింద జిల్లా ఆస్పత్రుల్లో జేరియాట్రిక్ క్లినిక్, పది పడకల వార్డు ఉండాలి. హైదరాబాద్ డాక్టరు రాసిన చీటీ జిరాక్సు, ఎంఆర్ఐ రిపోర్టు, బీ12, థైరాయిడ్ రిపోర్టులు తీసుకెళ్లి అక్కడ ఒక ఓపీ ఫైలు తెరిపించండి. మధ్యలో జ్వరమో మలబద్ధకమో వస్తే ప్రతిసారీ హైదరాబాద్ పరిగెత్తే పని తప్పుతుంది. రేపు దివ్యాంగుల సర్టిఫికెట్టుకి వెళ్లినప్పుడు ఆ ఫైలే ఆధారం.

ఫోన్లలో మొదటిది 14567, ఎల్డర్‌లైన్ అనే వృద్ధుల హెల్ప్‌లైన్. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, వారమంతా, తెలుగులో మాట్లాడతారు. వాళ్లు డబ్బివ్వరు, అంబులెన్సు పంపరు. మీ జిల్లాలో ఉన్న వృద్ధాశ్రమాలు, డే కేర్లు, డాక్టర్లు, పింఛను, చట్టం సంగతులు చెప్తారు. "మాకేమైనా సాయం ఉందా" అంటే జవాబు కూడా అలాగే గాల్లో ఉంటుంది. "కరీంనగర్ టౌను, 76 ఏళ్లు, నడవగలరు, మతిమరుపు జబ్బు, పగలు నాలుగు గంటలు ఎవరైనా చూసుకునే చోటు కావాలి" అని ఒక్క ఊపులో చెప్పండి. రెండోది 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఇది 24 గంటలూ ఉంటుంది. ఇది పేషెంటుకే అనుకుంటారు చాలామంది. నిద్ర లేక కుంగిపోతున్న మీరు, మీ అత్తయ్య కూడా చేయొచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పై స్థాయి నిపుణులకి కలుపుతారు.

అల్జీమర్స్ వాళ్ల కోసమే 1992 నుంచి ఉన్న దేశవ్యాప్త సంస్థ ఏఆర్‌డీఎస్ఐ. దాని హైదరాబాద్ దక్కన్ శాఖకి ఫోన్ చేసి, చూసుకునేవాళ్ల సమావేశాలు ఎప్పుడు, ఇంటి నుంచి కలిసే వీలుందా అని అడగండి. అటెండెంటు గురించీ డాక్టరు గురించీ అసలు మాట దొరికేది అలాంటి చోటే, నెట్‌లో రేటింగులు చూసి కాదు.

పాలియేటివ్ అనగానే "అది క్యాన్సర్ చివరి రోజులకి కదా" అని వదిలేస్తారు. తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు ఉన్నాయి, మంచం పట్టినవాళ్ల ఇళ్లకి నర్సులు వస్తారు. మీకు ఇవాళ అక్కర్లేదు. ఫోన్ నంబరు మాత్రం ఇప్పుడే రాసి పెట్టుకోండి.

పాత ఫైళ్లు:
జీపీఏ మాట నమ్మకమ్మా. మన దగ్గర ఎక్కువమంది బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ జీపీఏ అధికారం కూడా పోతుంది. కొన్ని దేశాల్లో మతి తప్పాక కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీ ఉంది, మనకి లేదు. అంటే సరిగ్గా అవసరం పడే రోజునే ఆ కాగితం పనికిరాదు.

ఆయన సంతకం పెట్టగలిగిన ఈ నెలల్లోనే చేయాల్సినవి ఇవి. ముందు పింఛను ఖాతా. కేంద్ర పింఛనుదారు తన పింఛనును భార్యతో జాయింట్ ఖాతాలో వేయించుకోవచ్చు, ఫ్యామిలీ పింఛను ఆమె పేరున మంజూరై ఉండాలి. పీపీవోలో (పింఛను మంజూరు పత్రం) అత్తయ్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయా చూసుకోండి. కలవకపోతే ముందు అది దిద్దించండి. బ్యాంకులో "ఎదర్ ఆర్ సర్వైవర్" (ఇద్దరిలో ఏ ఒక్కరి సంతకమైనా చెల్లేలా) అని రాయించాలి. "జాయింట్లీ" అని టిక్కు పడితే ప్రతి చెక్కు మీదా ఇద్దరి సంతకం కావాలి, మీరు పడ్డ కష్టమంతా వృథా. ఎఫ్‌డీలు ఉంటే ఒక్కో దానికీ ఇదే మార్పు విడిగా చేయించాలి. ఖాతా మారిస్తే ఎఫ్‌డీ దానంతట అది మారదు.

వీలునామా రాసే ఉద్దేశం ఉంటే ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. డాక్టరు దగ్గర "తన ఆస్తి ఏమిటో, ఎవరికి ఇస్తున్నారో తెలిసి చెప్తున్నారు" అని అదే రోజు తేదీతో రాయించి దానికి జతచేయండి. అల్జీమర్స్ అని చీటీలో ఉన్నంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదు. సంతకం చేసిన రోజున ఆయనకి అర్థమైందా లేదా అన్నదే లెక్క.

ఇవేవీ చేయకుండా దశ దాటిపోతే దారి హైకోర్టే. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో వైద్యం విషయంలో నిలబడే ప్రతినిధి ఉన్నాడు గానీ ఆస్తి చూసే గార్డియన్ లేడు. నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం లాంటి వేరే స్థితులకి. అందుకే రిట్ పిటిషన్ వేయాల్సి వస్తోంది. కోమాలో ఉన్నవాళ్ల విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఖర్చూ కాలమూ రెండూ ఎక్కువే.

లైఫ్ సర్టిఫికెట్టు (పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇచ్చేది): కేంద్ర పింఛనుదార్లకి నవంబరు, 80 దాటితే అక్టోబరు 1 నుంచే. ఈ జబ్బులో వేలిముద్ర యంత్రం మీద వేలు నిలకడగా పెట్టించడం కష్టం. ఫోన్లో జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ రెండు యాప్‌లూ వేసుకుంటే ముఖంతో అయిపోతుంది. కళ్లు ఆర్పమని అడుగుతుంది, అక్కడే ఆగిపోతుంది. పొద్దున టిఫిన్ అయ్యాక, కిటికీ వెలుగు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి ప్రయత్నించండి. సాయంత్రం వద్దు. కుదరకపోతే 70 రూపాయలకి పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తాడు, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు సేవ అది. పోస్టల్‌లో పనిచేసిన మనిషికి ఖాకీ సంచి చూస్తే కాస్త నెమ్మది కూడా.

దివ్యాంగుల సర్టిఫికెట్టు: 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో డిమెన్షియా అనే పేరు లేదు. కౌంటర్లో "ఆ పేరు లిస్టులో లేదు" అని పంపించేస్తారు. "మానసిక అనారోగ్యం" కింద దరఖాస్తు చేయాలి. ఆ నిర్వచనంలో జ్ఞాపకశక్తి, దిక్కు తెలియకపోవడం రెండూ ఉన్నాయి. బోర్డులో సైకియాట్రిస్టు ఐడియాస్ అనే కొలతతో చూస్తారు: తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. ఇక్కడ మనవాళ్లు పరువుకి పోయి "బాగానే తింటారండీ" అంటారు. కలిపి ముద్ద చేతికిస్తే తింటారా, పళ్లెం ముందు పెడితే తింటారా, అది చెప్పాలి. 40 శాతం దాటితేనే ప్రయోజనాలు.

ఇంట్లో ఎవరైనా పాత పద్ధతిలో ఆదాయ పన్ను కడుతుంటే, 1961 చట్టంలో 80 డీడీబీ కింద, తమ మీద ఆధారపడిన తల్లిదండ్రుల వైద్య ఖర్చుకి, వాళ్లు సీనియర్ సిటిజన్లైతే, లక్ష దాకా మినహాయింపు ఉంది. ఆ రోగాల జాబితాలో డిమెన్షియా పేరు పెట్టి మరీ ఉంది. ఇక్కడా 40 శాతం కావాలి, చీటీ డీఎం న్యూరాలజీ చేసిన డాక్టరుది అయి ఉండాలి, మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, ఆడిటర్‌ని అడగండి.

నైట్ డ్యూటీ:
అటెండెంటు సంగతి. అందరూ పొద్దున 8 నుంచి రాత్రి 8 షిఫ్టు మాట్లాడుకుంటారు. ఈ జబ్బులో గోల మొదలయ్యేది పొద్దు వాలే వేళ. "ఇంటికి పోతా" అని గుమ్మం దగ్గర నిలబడేది నాలుగు తర్వాతే. డ్యూటీ దిగే మనిషి ఎనిమిదింటికి చెప్పులేసుకుంటుంటే చూసి ఆయనా బయల్దేరతారు. ముందు ఒక వారం, ఏ గంటకి ఏం జరుగుతోందో నోటుబుక్కులో రాయండి. దాన్ని బట్టి మధ్యాహ్నం రెండు నుంచి పదింటి దాకా మనిషి కావాలో, రాత్రికి కావాలో తేలుతుంది. సగం డబ్బు అక్కడే ఆదా.

ఏజెన్సీతో మూడు విషయాలు కాగితం మీద ఉండాలి: మనిషి రాకపోతే ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపుతారు, డిపాజిట్ ఎలా వెనక్కిస్తారు, నెలలో ఎన్నిసార్లు మనిషిని మార్చొచ్చు. మాటిమాటికీ కొత్త ముఖం వస్తే ఈ రోగి భయపడతారు, స్నానానికి అసలు ఒప్పుకోరు. ఆధార్ జిరాక్సు తీసుకుని పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. మొదటి రెండు రోజులు ఇంట్లో ఒకరు ఉండి, "మీకు ఇందాకే చెప్పాను కదా" అంటూ వాదిస్తున్నారా, మాట మళ్లిస్తున్నారా గమనించండి. వాదించేవాళ్లు వద్దు, వాళ్లకి ఎంత అనుభవం ఉన్నా సరే.

ఇంకొకటి. జబ్బు నెమ్మదిగా ముదురుతుంది. రెండు రోజుల్లో ఒక్కసారిగా తేడా వచ్చి, మత్తుగా ఉండటమో లేనివి కనపడటమో మొదలైతే అది డిమెన్షియా పెరగడం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, నీళ్లు తక్కువ కావడం, మలబద్ధకం, కొత్తగా వేసిన జలుబు మందో నిద్ర మాత్రో కారణం కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి "మొన్నటి దాకా ఇలా లేరు" అని ముందుగా చెప్పండి. లేకపోతే "వయసు, అల్జీమర్స్" అని రాసి పంపేస్తారు.

కరీంనగర్ కోడలు:
జీపీఏ ఆపేశాం. పీపీవోలో అత్తయ్య ఇంటిపేరు పుట్టింటిదే ఉంది, ముందు అది దిద్దించాలి. ఇంకొక్కటి. నిన్న సాయంత్రం గేటు తీసుకుని వీధి చివరిదాకా వెళ్లారు. దీనికి ముందుజాగ్రత్త ఏమిటి?

ఓపీ చీటీ:
గేటుకి చిన్న గంట కట్టండి. గొళ్లెం చూపు ఆనే ఎత్తులో కాకుండా కిందికి మార్చండి. ఇంట్లో మనిషి లేకుండా మాత్రం బయట తాళం వేయొద్దు, నిప్పు అంటుకుంటే బయటపడలేరు. చొక్కా లోపలి వైపు రెండు ఫోన్ నంబర్లు చెరగని ఇంకుతో రాయండి, జేబులో చీటీ పెడితే తీసి పారేస్తారు. నెలకోసారి పూర్తి నిలువు ఫొటో, పొద్దున ఏ బట్టలు వేశారో ఫోన్లో ఒక ఫొటో. కిరాణా కొట్టు, ఆటో స్టాండు, ఇస్త్రీ బండి, ఈ ముగ్గురికీ మీ నంబరు ఇచ్చి విషయం దాచకుండా చెప్పండి. కనపడకపోతే ముందు ఆయన పాత పోస్టాఫీసు దారి, పాత ఇంటి దారి చూడండి, ఎక్కువగా అటే వెళ్తారు. అదే సమయంలో ఇంకొకరు 112 కి ఫోన్ చేయాలి. 24 గంటలు ఆగాలన్న రూలేమీ లేదు, స్టేషన్‌లో ఎవరైనా అలా అంటే డిమెన్షియా అని రాసిన చీటీ చూపించి మిస్సింగ్ కేసు అప్పుడే రాయించండి.