శిశు ఆరోగ్య పరిశోధనలోకి వచ్చేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది కొలతలా, గణాంకాలా?

మొదటిఅడుగు: ఈ రంగంలో స్థిరపడాలంటే మొదట కోహార్ట్ (ఒకే పిల్లల గుంపును ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం) ఫీల్డ్ టీమ్‌లో పనిచేయాలా, నేరుగా డేటా విశ్లేషణలోకి వెళ్లొచ్చా? పసిపిల్లల్ని ముట్టుకోకుండానే పీహెచ్‌డీలు వస్తున్నాయి కదా.

కొలబద్ద: వస్తున్నాయి, నా బాధంతా అదే. రెండేళ్లలోపు బిడ్డ పొడవు పడుకోబెట్టి తీయాలి. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తల పట్టుకుని మాడు పలకకు ఆనించాలి, బిడ్డ చూపు నేరుగా పైకి ఉండాలి. రెండోవారు మోకాళ్లు మెల్లగా నొక్కి, కదిలే పలకను అరికాళ్లకు తగిలించి 0.1 సెం.మీ. దాకా చదవాలి. కాలివేళ్లు ముడుచుకుంటే అరికాలు కాస్త గీరితే చాపుతుంది. రెండు కాళ్లూ పట్టుకోవాలి. ఒక్క కాలితో తీస్తే నడుం ఓ పక్కకు వాలి కొలత చెడుతుంది.

డేటాపక్షం: బిడ్డ మరీ గింజుకుంటే ఒక్క కాలితో తీయొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ శిక్షణ పాఠాల్లోనే ఉంది.

కొలబద్ద: అది మినహాయింపండీ. తొందర ఉన్నచోట మినహాయింపే పద్ధతైపోతుంది.

పాలపిట్ట: అప్పుడే పుట్టినవాళ్ల మోకాళ్లు పూర్తిగా చాపుకోవు. దయచేసి బలంగా నొక్కకండి.

డేటాపక్షం: కాలు వదిలేసి పుట్టిన తేదీ చూడండి. డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణాల్లో మగబిడ్డ మధ్యస్థ పొడవు 5 నెలలకి 65.9 సెం.మీ., 6 నెలలకి 67.6. వయసు ఒక్క నెల తప్పు రాస్తే 1.7 సెం.మీ. తేడా. ఆ వయసులో ఎస్‌డీ (ప్రామాణిక విచలనం, అంటే కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) దాదాపు 2.1, అంటే 0.8 జడ్ స్కోరు (మధ్యస్థానికి ఎన్ని ఎస్‌డీల దూరమో) పోయినట్టే. దాన్ని పట్టుకునేది విశ్లేషకులే. కొలతలు .0, .5 దగ్గర గుట్టపడ్డాయా, పుట్టిన తేదీలన్నీ 1, 15 దగ్గరే చేరాయా, ఏ కొలతదారుడి ఎస్‌డీ ఎంత అని చూసేది మేమే.

కొలబద్ద: పట్టుకుని ఏం చేస్తారు? అప్పటికి బిడ్డ పెరిగిపోయింది, మళ్లీ కొలవలేరు. పొరపాట్లు సగటును కదపకపోయినా ఎస్‌డీని సాగదీస్తాయి. జడ్ స్కోర్ల సగటు −1, ఎస్‌డీ 1 అయితే −2 కింద, అంటే వయసుకు తగ్గ పొడవు లేక గిడసబారినట్టు లెక్కేసే గీత కింద, 16 శాతం మంది ఉంటారు. ఎస్‌డీ 1.5 అయితే అదే 25 శాతం! ఒక్క బిడ్డా కొత్తగా గిడసబారకుండానే రిపోర్టులో గిడసబారిన పిల్లలు పెరిగిపోతారు. ఆ డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణాల కోసం 1997-2003 మధ్య ఆరు దేశాల్లో చేసిన అధ్యయనంలో ఇద్దరు విడివిడిగా కొలిచారు. తేడా 7 మి.మీ. దాటితే అక్కడికక్కడే మళ్లీ తీశారు.

పాలపిట్ట: పసిపిల్లల ఎదుగుదలని, తెలివిని అంచనా వేసే బేలీ పరీక్షకీ ఇంతే. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి 24 నెలల దాకా సవరించిన వయసే (ముందు పుట్టిన వారాలు తీసేసి లెక్కేసేది) వాడాలి. నిద్రవేళ కూర్చోబెడితే వచ్చే స్కోరు నిద్రదే.

డేటాపక్షం: మీరు చెప్పేదాన్నిబట్టి విశ్లేషణ చేసేవాళ్లంతా ఊరికే కూర్చుని ఇంకొకరి కష్టం తింటున్నట్టుంది.

కొలబద్ద: పేపర్లో రచయితల పేర్ల దగ్గర జరిగేది అదే! కొలిచినవాళ్లు చివర కృతజ్ఞతల్లో ఒక్క వరుస, ఫైలు తెరిచినవాళ్లు మొదటి రచయిత.

డేటాపక్షం: రచయితగా పేరు రావడానికి ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) షరతులు నాలుగు, నాలుగూ తీరాలి. డేటా సేకరణ మొదటిదాన్ని మాత్రమే తీరుస్తుంది. రాతలో పాలు, తుది ఆమోదం, జవాబుదారీ కూడా ఉండాలి.

కొలబద్ద: డ్రాఫ్టే పంపకపోతే మిగతావి ఎలా తీరుస్తారు? మొదటి షరతు తీర్చినవాళ్లకి రాతలో, సమీక్షలో అవకాశం ఇవ్వాలని అదే ఐసీఎంజేఈ చెబుతోంది. ఆ వాక్యం ఎవరూ చదవరు.

డేటాపక్షం: ఆ వాక్యం ఉంది, కాదనను. కానీ లెక్క చూడండి. చేర్చుకోవడానికి ఏడాది, ఆఖరి బిడ్డకి రెండేళ్లు నిండటానికి ఇంకో రెండు. మూడేళ్ల కాంట్రాక్టు అయిపోయేసరికి చేతిలో పేపరు ఉండదు. అడిగినవారికి ఫీల్డ్ వద్దంటున్నది పనిని చిన్నచూపు చూసి కాదు, తర్వాతి ఉద్యోగం రాదని.

కొలబద్ద: అయితే మార్చాల్సింది కాంట్రాక్టుని. కొత్తవాళ్లని బిడ్డకి దూరంగా ఉంచితే పేపర్లు పెరుగుతాయేమో, కొలతలు బాగుపడవు.

మొదటిఅడుగు: రచయితల పేర్ల గురించి ఇంటర్వ్యూలోనే అడగొచ్చా?

డేటాపక్షం: అడగండి. ప్రోటోకాల్‌లో రాసి ఉందేమో చూపించమనండి. గర్భధారణ, పుట్టినప్పటి బరువు లాంటి మొదటి దశ డేటా మీద మీకు ఒక పేపరు రాసే వీలుందా అని కూడా. దానికి మూడేళ్లు ఆగక్కర్లేదు.

కొలబద్ద: కొలతదారుల శిక్షణలో ఒక్కో బిడ్డని రెండుసార్లు కొలిపించి టీఈఎం (రెండు కొలతల మధ్య తేడా నుంచి లెక్కేసే కొలత పొరపాటు) లెక్కిస్తారా, ఎన్ని నెలలకోసారి అని అడగండి. తడబడితే చేరకండి.