ఏడాదంతా చేసిన పని అప్రైజల్ మీటింగ్‌లో గుర్తుకు రావడం లేదు, మీరేం చేస్తారు?

హిందూపురం_కుర్రాడు
అందరికీ నమస్కారం. మాది హిందూపురం. 7 ఏళ్లుగా బెంగళూరులో, వైట్‌ఫీల్డ్‌లో బ్యాకెండ్ సపోర్ట్ పని. పోయిన నెల అప్రైజల్ ఫారంలో "ఈ ఏడాది మీరు సాధించినవి" అన్న గడి ముందు గంటన్నర కూర్చున్నాను. ఫిబ్రవరి, మార్చి పనులు తప్ప ఒక్కటీ గుర్తుకు రాలేదు. మీటింగ్ అయ్యాక మెట్రోలో ఇంటికి వస్తుంటే, హూడి దాటాక తట్టింది. ఆగస్టులో రాత్రిపూట దానంతటదే నడిచే ప్రోగ్రామ్‌కి (బ్యాచ్ జాబ్) 4 గంటలు పట్టేది. డేటాబేస్‌లో వెతుకులాట త్వరగా అయ్యేలా చేసే ఒక ఇండెక్స్ సరిచేసి 40 నిమిషాలకు తెచ్చాను. పొద్దున రిపోర్టులు ఆలస్యం కావడం దాంతో ఆగిపోయింది. ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

మాట్లాడటం ఇంకా కష్టం. చాట్‌లో అయితే ఎంతైనా రాస్తాను. ఎదురుగా అడిగితే నోరు ఎండిపోతుంది. తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు ఇంకొకరు అందుకుంటారు. మన పని గురించి మనం చెప్పుకోకూడదని నాన్న పెంచారు. అది తప్పని ఇప్పటికీ అనలేను. కానీ వరుసగా రెండోసారి ప్రమోషన్ తప్పింది. ఏం చేయాలి?

మారతహళ్లి_నెల్లూరమ్మాయి
తమ్ముడూ, నేను 8 మంది ఫారాలు చదివే మేనేజర్‌ని. నిజం చెప్తున్నా, మీ ఆగస్టు పని నాకూ గుర్తుండదు. మీరు రాసి ఇస్తేనే పైవాళ్ల ముందు మీ తరఫున వాదించగలను.

ప్రతి శుక్రవారం లాప్‌టాప్ మూసేముందు 10 నిమిషాలు ఇవ్వండి. ఇబ్బంది ఏంటి, నేనేం చేశాను, ఎవరికి ఏం మారింది, అంతే. "టీమ్ చేసింది" అని మాత్రం రాయకండి, అందులో మీ చెయ్యి ఎక్కడుందో రాయండి. ఇంకొకటి చాలామందికి తట్టదు. సరిచేయడానికి ముందే పాత అంకె రాసిపెట్టుకోవాలి. చాలాచోట్ల లాగ్‌లు, అంటే సిస్టమ్ రాసుకునే రికార్డులు, కొన్ని వారాలకే చెరిపేస్తారు. ఏడాది చివర్లో ఆ 4 గంటలు ఎక్కడినుంచి చూపిస్తారు? నా టీమ్‌లో ఒకమ్మాయి మంచి పని ఇలాగే అంకె లేక తేలిపోయింది. ఆ బాధ నాకింకా ఉంది.

కోరమంగళ_సాయంత్రం
అక్క చెప్పిన నోట్స్ ఆఫీసు సిస్టమ్‌లోనే ఉంచండి. కస్టమర్ వివరాలు, కోడ్ సొంత మెయిల్‌కి పంపితే ఉద్యోగానికే ముప్పు.

సిల్క్‌బోర్డ్_రాజమండ్రి
మాట సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నాదీ అదే కథ. టోస్ట్‌మాస్టర్స్‌లో చేరండి, నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే క్లబ్బులు అవి. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టారు. బెంగళూరులో క్లబ్బులు చాలా ఉన్నాయి, కొన్ని కంపెనీల లోపలే నడుస్తాయి. ముందు అతిథిగా వెళ్లి చూడండి.

మీకు పనికొచ్చేది టేబుల్ టాపిక్స్. ప్రశ్న అప్పటికప్పుడు ఇస్తారు, 1 నుంచి 2 నిమిషాలు మాట్లాడాలి. నిమిషానికి పచ్చ లైటు, ఒకటిన్నరకి పసుపు, రెండుకి ఎరుపు. వెనక ఒకరు కూర్చుని మీ "ఆ", "సో" లెక్కపెడతారు. మొదటిరోజు నావి 19. చేతులు వణికాయి, ఎవరూ నవ్వలేదు. ఆరు నెలలకు 3కి దిగాయి.

తెలుగులో ఆలోచించడం తప్పు కాదు, మానుకోవద్దు. మొదటి వాక్యం మాత్రం ఇంగ్లీషులో ముందే తయారుగా ఉంచుకోండి, అందులో అంకె ఉండాలి. అది బయటికొస్తే మిగతాది దాని వెనకే వస్తుంది.

హిందూపురం_కుర్రాడు
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. ఈ శుక్రవారం మొదలుపెట్టాను. ఇదిగో: "పేమెంట్ ఫైల్ రెండుసార్లు వెళ్తోంది. జవాబు రాక టైమౌట్ అయ్యాక మళ్లీ పంపేటప్పుడు పాత నంబరు చూడటం లేదు. ఆ తనిఖీ నేను పెట్టాను. పోయిన వారం ఇలాంటి ఫిర్యాదు టికెట్లు 11, ఈ వారం ఒక్కటీ లేదు."

రాస్తుంటే నాన్న గుర్తొచ్చారు. ఆయన బెల్లం మండీలో గుమాస్తా. రాత్రి చిట్టా రాయనిదే అన్నానికి కూర్చునేవారు కాదు. దాన్ని గొప్పలు చెప్పుకోవడమని ఎవరూ అనలేదు.

ఇదే ఫోన్‌లో ఇంగ్లీషులో రికార్డు చేసి విన్నాను. 50 సెకన్లలో "బేసికల్లీ" 6 సార్లు. సోమవారం స్టాండప్‌లోపు (టీమంతా కలిసే చిన్న మీటింగ్) ఇంకో నాలుగుసార్లు చెప్పి చూస్తాను.