రెండొందల డాలర్ల పిస్టల్‌ని నమ్మొచ్చా?

శ్రీను_కొలంబస్
అందరికీ నమస్కారం. గ్రీన్ కార్డు ఉంది, వయసు 26. ఇంట్లో ఉంచుకోవడానికి ఒక 9 ఎంఎం పిస్టల్ కొనాలి. 250 డాలర్లు దాటి పెట్టలేను. కొత్త హై-పాయింట్ సీ9 సుమారు 200కి దొరుకుతోంది. కొందరు చెత్త అంటున్నారు, కొందరు పేలుతుంది కదా చాలు అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

లోహాల_రాజు
వద్దు శ్రీను గారూ. రూపం బాగోలేదని కాదు, లోహం బాగోలేదని చెబుతున్నాను. సీ9 స్లైడ్, అంటే పేలినప్పుడు వెనక్కి జరిగే పై భాగం, ఉక్కు కాదు, జమాక్-3. అంటే జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం, కాస్త మెగ్నీషియం కలిపి అచ్చులో పోత పోసిన మిశ్రమం. 385 డిగ్రీల సెల్సియస్ (సుమారు 725 ఫారెన్‌హీట్) దగ్గర కరిగిపోతుంది. లాగుడు బలం 41,000 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. పిస్టళ్ళకు వాడే గట్టిపరిచిన ఉక్కు దీనికి మూడింతలకు పైనే తట్టుకుంటుంది.

పైగా అందులో బ్యారెల్‌కీ స్లైడ్‌కీ మధ్య లాక్ లేదు. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడిని ఆపేది స్లైడ్ బరువు, స్ప్రింగు, అంతే. 9 ఎంఎం ఒత్తిడి గరిష్ఠంగా 35,000 పీఎస్ఐ. జమాక్ సాంద్రత ఉక్కు కంటే తక్కువ కాబట్టి, ఆ బరువు తేవాలంటే స్లైడ్‌ని ఇటుకంత లావు చేయాలి. అందుకే ఖాళీ సీ9 820 గ్రాములు తూగుతుంది, మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే పెట్టెలో, పట్టేది 8 రౌండ్లు (తూటాలు). గ్లాక్ 19 ఖాళీగా 600 గ్రాములకు అటూ ఇటూ, పట్టేవి 15.

నైట్‌షిఫ్ట్_నాయుడు
రాజు గారూ, సగమే చెప్పారు. ఒత్తిడిని పట్టి ఉంచేది తూటా కూర్చునే గది, అదే ఛాంబర్, అది ఉక్కు బ్యారెల్‌లోనే ఉంది. స్లైడ్ పని బరువుగా ఉండి ఆలస్యంగా కదలడం. బరువుకి ఉక్కే కావాలని ఏముంది? కంపెనీ దాన్ని +పీ అనే ఎక్కువ ఒత్తిడి తూటాలకు కూడా సరిపోతుందని చెప్పి అమ్ముతోంది. ఆ ఒత్తిడి 38,500 పీఎస్ఐ.

వారంటీ జీవితకాలం, మొదటి యజమానికే కాదు, ఎన్ని చేతులు మారినా సరే. తయారయ్యేది ఓహయోలోనే, మాన్స్‌ఫీల్డ్‌లో. జామ్ అవుతుందన్నది నిజం, కానీ ఎక్కువసార్లు తప్పు మ్యాగజైన్‌ది. పైన రెండు పెదవుల్లాంటి మడతలు ఉంటాయి కదా, అవి సమానంగా లేకపోతే తూటా ముక్కు కిందికి దిగి ఛాంబర్‌లోకి ఎక్కించే వాలుకి, అదే ఫీడ్ ర్యాంపుకి, కొట్టుకుంటుంది. ముక్కు గుంటగా ఉండే హాలో పాయింట్ తూటాలతో ఇది ఎక్కువ. ప్లయర్‌తో ఆ పెదవుల్ని కాస్త సరిచేస్తే పోతుంది.

లోహాల_రాజు
అంటే కొన్నవాడే ప్లయర్ పట్టుకుని కూర్చోవాలన్నమాట. ఎక్కువ తెరిస్తే తూటాలు పైకి ఎగిరొస్తాయి, ఎక్కువ మూస్తే స్లైడ్ తూటాని తోయలేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు తీసే వస్తువు ఇది.

ఇల్లినాయిలో ఇలాంటివి డీలర్లు అమ్మకూడదు. జింకు మిశ్రమంతో పోత పోసిన బ్యారెల్, స్లైడ్ లేదా ఫ్రేము 800 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు కరిగినా, వంగినా నిషేధం. మిన్నెసోటా చట్టంలో ఆ హద్దు 1,000 డిగ్రీలు. ఊరికే పెట్టలేదు కదా.

నైట్‌షిఫ్ట్_నాయుడు
తుపాకీని 800 డిగ్రీల దాకా వేడి చేసేవాడు ఎవడు? పొయ్యిలో పెట్టి కాలుస్తారా? కరిగే ఉష్ణోగ్రతకీ, తుపాకీ పేలడానికీ, పేలకపోవడానికీ సంబంధం లేదు. చవక పిస్టళ్ళని పేదోళ్ళకు దక్కకుండా చేయడానికి దొరికిన సాకు అది.

లోహాల_రాజు
సంబంధం ఉంది. తక్కువ వేడికి కరిగే మిశ్రమాలు సాధారణంగా బలం తక్కువవి. బలం కొలవాలంటే ముక్క కోసి లాగి చూడాలి, ఉష్ణోగ్రత కొలవడం తేలిక. ఒకదానికి బదులు ఇంకొకటి.

నైట్‌షిఫ్ట్_నాయుడు
అలాగైతే మిన్నెసోటా చట్టంలో 55,000 పీఎస్ఐ అని బలానికి విడిగా అంకె ఎందుకు రాశారు? బదులైతే రెండూ ఎందుకు? చెప్పండి.

లోహాల_రాజు
రెండింటిలోనూ జమాక్-3 తప్పుతుంది. మీ జవాబు అందులోనే ఉంది.

వరంగల్_వాసు
అన్నలూ, ఈ కరగడం గొడవ ఆపి ఆయన అడిగినదానికి చెప్పండి.

టెంపే_కిరణ్
చదివేవాళ్ళలో హెచ్1బీ, ఎఫ్1 వాళ్ళు ఉంటే ఒక మాట. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కొనే ముందు లాయర్‌ని అడగండి. ఫ్రెండు తుపాకీ మీ రూములో ఉన్నా ఇబ్బందే.

నైట్‌షిఫ్ట్_నాయుడు
చరిత్ర కూడా చూడండి రాజు గారూ. 1968 ఫెడరల్ తుపాకీ చట్టం వచ్చాక బయటి దేశాల చిన్న పిస్టళ్ళ దిగుమతికి పాయింట్ల పద్ధతి పెట్టారు. పొడవుకి ఇన్ని, బరువుకి ఇన్ని, 75 పాయింట్లు రావాలి. దేశంలో తయారైనవాటికి ఆ షరతు పెట్టలేదు. దాంతో 1970 నుంచి లాస్ ఏంజిల్స్ చుట్టూ రేవెన్, జెన్నింగ్స్, డేవిస్, లోర్సిన్, బ్రైకో లాంటి చవక పిస్టళ్ళ కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటికి రింగ్ ఆఫ్ ఫైర్ అని పేరు. నాణ్యత మీద అంత బెంగ ఉన్నవాళ్ళైతే మనవాటికీ అదే పరీక్ష పెట్టేవాళ్ళు.

లోహాల_రాజు
మీరు చెప్పిన ఆ పేర్లే నా సాక్ష్యం. రేవెన్ ఎంపీ-25 ఫ్రేము కూడా జమాకే. తూటాని కొట్టి పేల్చే సూదిని, అదే ఫైరింగ్ పిన్‌ని, ఆపే అడ్డు లోపల లేదు, ఛాంబర్లో తూటాతో కింద పడితే పేలే ప్రమాదం ఉంది. లోర్సిన్ 1996లో దివాలా పిటిషన్ వేసింది.

కాలిఫోర్నియా 2001 నుంచి పెట్టిన పరీక్ష చూడండి. ఒకే మోడల్‌వి మూడు పిస్టళ్ళు తీసుకుంటారు. ఒక్కోదానితో 600 రౌండ్లు కాల్చాలి. మొదటి 20లో ఒక్కసారీ ఆగకూడదు, మొత్తం మీద ఆరుసార్లు మించి ఆగకూడదు, ఎక్కడా పగులు రాకూడదు. తర్వాత మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద ఆరు రకాలుగా పడేస్తారు, ఒక్కసారీ పేలకూడదు. అదీ నాణ్యత అంటే. ధర గురించి అందులో ఒక్క ముక్కా లేదు.

నైట్‌షిఫ్ట్_నాయుడు
ధర లేదంటున్నారు కాబట్టి చెబుతున్నాను. సిగ్ పీ320 అమెరికా సైన్యం 2017 జనవరిలో ఎంచుకున్న డిజైన్. చవకది కాదు. అదే ఏడాది ఆగస్టులో, ఒక కోణంలో వీపు మీద పడితే బయటి మార్కెట్ మోడల్ పేలుతోందని తేలి కంపెనీ ట్రిగ్గర్ భాగాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ట్రిగ్గర్ బరువు ఎక్కువై, పడ్డ వేగానికి అదే వెనక్కి కదిలేది. రూగర్ ఎల్‌సీపీని కూడా 2008లో కింద పడితే పేలొచ్చని వెనక్కి పిలిపించారు. వీటిలో జింకు స్లైడ్ లేదు. వాళ్ళని ఎవరూ చెత్త అనరు. జింకు వాడినవాడిని మాత్రం అంటారు.

లోహాల_రాజు
వాళ్ళు వెనక్కి పిలిచారు, మార్చి ఇచ్చారు. అదే తేడా.

పద్మ_డాలస్
ఇద్దరూ ఆగిపోవడం, కింద పడటం గురించే మాట్లాడుతున్నారు. చేతిలో ఉండగా పేలకూడనప్పుడు పేలడం సంగతేంటి?

బ్రైకో మోడల్ 38 కేసు చూడండి. సేఫ్టీ, అంటే పేలకుండా ఆపే మీట, వేసి ఉంటే దాని స్లైడ్ కదలదు. తూటా తీయాలంటే ముందు సేఫ్టీ తీసి, అప్పుడు స్లైడ్ లాగాలి. 1994లో కాలిఫోర్నియాలో ఒక ఇంట్లో తూటా తీయబోయి సేఫ్టీ తీశారు, పేలింది. ఏడేళ్ళ పిల్లాడికి మెడ కింద శరీరం చచ్చుబడింది. అంతకుముందు డిజైన్‌లో సేఫ్టీ ఉండగానే తూటా తీయొచ్చని, అది జామ్ అవుతుంటే ఆ లోపం సరిచేయడానికి బదులు స్లైడ్‌నే లాక్ చేశారని వాది తరఫు వాదన. 2003లో జ్యూరీ తయారీ, అమ్మకందార్ల వాటా సుమారు 2.4 కోట్ల డాలర్లుగా తేల్చింది. కంపెనీ దివాలా తీసింది. ఆ యంత్రాలూ అచ్చులూ వేలంలో ఇంకొకరు కొని వేరే పేరుతో మళ్ళీ అవే పిస్టళ్ళు తీశారు.

బ్రెడ్ కాల్చే టోస్టర్‌లో లోపముంటే వెనక్కి పిలిపించే అధికారం ఈ దేశంలో వినియోగదారుల భద్రతా కమిషన్‌కి ఉంది. తుపాకీల మీద లేదు. కాబట్టి రీకాల్ రాలేదంటే లోపం లేదని అర్థం కాదు.

నైట్‌షిఫ్ట్_నాయుడు
పద్మ గారూ, ఆ కేసులో తప్పు సేఫ్టీ డిజైన్‌ది, జింకుది కాదు. ఉక్కుతో చేసినా ఆ డిజైన్ అలాగే పేలేది.

పద్మ_డాలస్
నేను జింకు అన్నానా?

హైదరాబాద్_షూటర్
ఇక్కడ ఇండియాలో 9 ఎంఎం నిషేధిత బోరు, అంటే మామూలుగా లైసెన్సు ఇవ్వని సైజు. లైసెన్సున్నవాళ్ళు ఎక్కువగా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32కే పోవాలి. పోటీ తక్కువగా ఉన్నచోట ధర చూసి నాణ్యత అంచనా వేయలేం. అక్కడ మీకు ఎంచుకునే వీలైనా ఉంది.

లోహాల_రాజు
అసలు లెక్క వేద్దాం. కొన్న పిస్టల్‌ని నమ్మాలంటే కనీసం 200 మామూలు రౌండ్లు, ఇంట్లో పెట్టుకోబోయే హాలో పాయింట్ 40 కాల్చి చూడాలి. 50 రౌండ్ల పెట్టె 14, 15 డాలర్లు. హాలో పాయింట్ 20 రౌండ్లకు పాతిక వరకు. మొత్తం 110 డాలర్లు. సీ9 కొన్నవాళ్ళలో ఎందరు ఇది చేస్తారు? పిస్టల్‌కే డబ్బు చాలనివాడు తూటాలకు పెడతాడా? పెట్టలేనివాడికి పిస్టల్ ఎందుకు?

నైట్‌షిఫ్ట్_నాయుడు
ఇప్పుడు బయటపడింది. ఇదా నీ మనసులో మాట? గంటకి 12 డాలర్లకి రాత్రంతా కౌంటర్ దగ్గర నిలబడేవాడికి ప్రాణం ఉండకూడదా? ఐటీ జీతం ఉన్నవాడికే రక్షణ ఉండాలా? నన్ను చూడగానే నీకివి చాలన్నట్టు అడుగు అర చూపించే షాపువాళ్ళు చాలామంది. నువ్వూ అదే మాట లోహాల పేరుతో చెబుతున్నావు.

లోహాల_రాజు
నీ జీతం నాకెందుకు? నమ్మలేని పిస్టల్ చేతిలో ఉంటే మనిషి వెనక్కి తగ్గడు, తలుపు వేసుకుని 911కి చేయడు, ఎదురు నిలబడతాడు. అప్పుడు అది ఆగిపోతే? చేతిలో ఏమీ లేనివాడు గల్లా పెట్టె ఇచ్చేసి బతుకుతాడు. జామ్ అయ్యే తుపాకీ కంటే తుపాకీ లేకపోవడమే మేలు, నా మాట ఇంతే.

నైట్‌షిఫ్ట్_నాయుడు
ఇచ్చినా కాల్చిన సందర్భాలు లేవా? వంద రౌండ్లకు రెండుసార్లు ఆగేది కూడా 98 సార్లు పేలుతుంది. లేనిదాని కంటే అది నయం. ఈ ఒక్క దగ్గరే మనకి తేడా, మొదటి నుంచీ. జమాక్ కాదు.

మోడరేటర్
నువ్వు, నీ వద్దు. ఒకసారే చెబుతున్నాను.

శ్రీను_కొలంబస్
అందరికీ థాంక్స్. ఇంకో వంద ఆగి కూడబెడితే పోలీసులు మార్పిడిలో ఇచ్చేసిన గ్లాక్ 22 సుమారు 350కి కనిపిస్తోంది. టారస్ జీ3సీ 280 వరకు. షాపులో ఏం చూడాలి?

లోహాల_రాజు
గ్లాక్ 22 మంచిదే, కానీ అది .40, వేరే సైజు, తూటా 9 ఎంఎం కంటే ఖరీదు. పోలీసు పిస్టళ్ళు హోల్‌స్టర్‌లో రాసుకుని పైన గీతలు పడతాయి, కానీ సాధారణంగా ఎక్కువ కాల్చి ఉండరు. గీతలకు భయపడకండి.

చూసే వరస: మ్యాగజైన్ తీయించండి, స్లైడ్ వెనక్కి లాక్ చేసి ఛాంబర్‌లో కళ్ళతో చూడండి, వేలితో తడమండి. తర్వాత బ్రీచ్ ముఖం, అంటే స్లైడ్‌లో తూటా వెనక ఆనే చోటు, ఫైరింగ్ పిన్ రంధ్రం చుట్టూ గుంటలు పడ్డాయా, కాల్చిన తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచు విరిగిందా, స్లైడ్ పట్టాలు చితికాయా చూడండి. షాపువాడి అనుమతితో ఒకసారి ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి, పట్టుకునే ఉండి స్లైడ్ లాగి వదలండి, మెల్లగా ట్రిగ్గర్ వదిలితే టక్‌మని తిరిగి పట్టాలి. పాతదైతే స్లైడ్‌ని ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగు కొన్న రోజే మార్చండి, పది ఇరవై డాలర్లు.

టారస్ విషయంలో పాత మోడళ్ళు వద్దు. పీటీ-111 మిలీనియం, 24/7 లాంటి తొమ్మిది మోడళ్ళు కింద పడితే పేలుతున్నాయన్న దావాలో 2015లో ఒప్పందం కుదిరింది. జీ3సీ ఆ జాబితాలో లేదు.

నైట్‌షిఫ్ట్_నాయుడు
ఏది కొన్నా మ్యాగజైన్లు రెండు తీసుకుని 1, 2 అని నంబర్లు వేయండి. ఎప్పుడూ ఒకదానితోనే ఆగుతుంటే తప్పు మ్యాగజైన్‌ది, రెండింటితోనూ ఆగితే పిస్టల్‌ది. సీ9 అయినా ఈ పరీక్షలో నెగ్గితే ఉంచుకోండి, నెగ్గకపోతే మ్యాగజైన్‌తో కలిపి కంపెనీకి పంపండి.

పద్మ_డాలస్
ఇంట్లో పిల్లలు ఉన్నారా శ్రీను గారూ? తాళం బడ్జెట్‌లో వేశారా?

నైట్‌షిఫ్ట్_నాయుడు
డీలరు అమ్మే ప్రతి చేతి తుపాకీతో తాళం ఇవ్వాలని 2005లోనే చట్టం చేశారు. పెట్టెలోనే కేబుల్ వస్తుంది.

పద్మ_డాలస్
ఆ కేబుల్ వేయాలంటే మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి పెట్టి, లోపలి నుంచి దూర్చాలి. రాత్రి పక్కన ఉంచుకోవాలని కొన్నవాళ్ళు రెండో రోజు నుంచి వేయరు. బటన్లు నొక్కి తెరిచే చిన్న ఉక్కు పెట్టె కొని, దాని కేబుల్‌ని మంచం కోడుకి బిగించండి. పిస్టల్ కొన్న రోజే ఇది కూడా ఇంటికి రావాలి.